చదివేవాళ్ళని ఆపకూడదు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జూలై 7, తొలి ఏకాదశి మర్నాడు

చి. హరిచందనకి నాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్నటి నుంచి నేను మౌనంలో ఉన్నాను. కార్తీకంలో ద్వాదశి వచ్చేదాకా, నాలుగు నెలలు, ఈ నోరు శనివారం మందిరంలో వ్యాసపీఠం ముందు తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. మీ అమ్మతో సైగలు, నీ అన్న వినోద్‌తో పలకా బలపం. కాబట్టి ఫోను చెయ్యకు. చేసినా నా ఊపిరి చప్పుడు తప్ప నీకేమీ వినపడదు. నా చెయ్యి మాత్రం మౌనంలో లేదు. అది రాస్తుంది. నువ్వు వింటావు.

కౌన్సెలింగ్ అని హైదరాబాదు వెళ్ళావు. అక్కణ్ణుంచి ఇంటికి రాక బొబ్బిలిలో మీ మేనత్త దగ్గర దిగిపోయావు. ఎందుకు దిగావో నాకు తెలుసు. ఎదురుగా ఉంటే నా మాట కాదనలేవు. దూరం వెళ్తే గొంతు పెరుగుతుందనుకున్నావు.

కళ్ళకి అద్దాల నెంబరు చూసే చదువట. ప్రైవేటు కాలేజీ, నాలుగేళ్ళు. జూలై ఇరవై ఐదులోగా చేరుతున్నానని వాళ్ళకి చెప్పాలట. ఇటు చూడు. మిద్నాపూర్‌లో ప్రభుత్వ కాలేజీ ఉంది. మంచి బీఎస్సీ. ఏడాది ఫీజు నీ కాలి పట్టీల ఖరీదు చెయ్యదు. లోకల్ బండిలో అరగంట. పొద్దున్న వెళ్ళి సాయంత్రం దీపం పెట్టే వేళకి ఇంట్లో ఉంటావు. మీ తాత రైల్వే వర్క్‌షాప్‌లో సుత్తి పట్టాడు, నేను వెల్డింగ్ రాడ్డు పట్టాను, వినోద్ స్పానర్ పట్టాడు. మూడు తరాలకి ఈ బెంగాలు అన్నం పెట్టింది. ఇది పెట్టే చదువు నీకు చేదైందా?

నేను బలవంతం చెయ్యను. లాక్కున్న పువ్వు దేవుడి పాదాలకి పనికిరాదు. నీ ఇష్టంతో నువ్వే, నీ చేత్తో నువ్వే, "నాకు హైదరాబాదు వద్దు" అని ఒక్క ముక్క రాసి పంపు. ముసలితనం మీద పడ్డ రాజు కొడుకుల్ని పిలిచి యవ్వనం అడిగిన కథ నువ్వు చదవగా నేను ఎన్నిసార్లు చెప్పలేదు? నలుగురు కుదరదన్నారు. చిన్నవాడు, "నాన్నా, తీసుకో" అన్నాడు. రాజ్యం ఎవరికి దక్కింది? కాదన్నవాళ్ళకి ఏం దక్కింది? శాపం. నేను అంటున్న మాట కాదిది. గ్రంథం అంటున్న మాట.

నువ్వు వెళ్ళాక రెండు శనివారాలు గడిచాయి. బుకింగ్ ఆఫీసు రాజశేఖర్ చదువుతున్నాడు. హిందీ మీడియంలో పెరిగినవాడు. అక్షరం కనిపిస్తే పలుకుతాడు, అర్థం మాత్రం పుట చివరికి కూడా వాడికి చేరదు. ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టు దేవుడి జననం చదివాడు. కమిటీ ఈశ్వరప్రసాద్ గారు ఉండబట్టలేక, "ఒరే, ఆగరా నాయనా!" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. నా నియమం నీకు తెలుసు. వ్యాసపీఠం మీద పుట తెరిచాక పిడుగు పడినా చదివేవాళ్ళని ఆపకూడదు. చదివేవాళ్ళు చదవాలి, నేను అర్థం చెప్పాలి. ఈశ్వరప్రసాద్ గారైనా సరే, కూర్చోవలసిందే. కూర్చున్నారు.

ఉత్తరం అందగానే జవాబు రాయి.

మీ నాన్న
గణపతిరావు


బొబ్బిలి
జూలై 12

పూజ్యులైన నాన్నగారికి హరిచందన నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. భూతద్దంతోనైనా మీరు సొంతంగా చదువుకోవాలని వేలెడేసి అక్షరాలతో రాస్తున్నాను. పుటకి ఏడు లైన్లే పడుతున్నాయి. అందుకే కవరు ఇంత లావుగా వచ్చింది. తూకం వేసి పోస్టాఫీసులో ఆవిడ, "ఏటమ్మా, పెళ్ళి శుభలేఖలా?" అని అడుగుతుందేమో.

మీ మౌనం గురించి అత్తకి చెప్పాను. నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. "మీ నాన్న మవునమేటే! బొడ్డు కోసిన కాడినించి ఊరుకున్న మనిసి కాడే! దేవుడే సెవులు మూసుకోనేక ఆడి నోరు కట్టేసుంటాడు" అంది. అలా అన్నదని రాయమని కూడా అంది.

నాకు కావలసింది ఒక్కటే నాన్నగారూ. సీటు ఒప్పుకోడానికి కాలేజీ సైటులోకి వెళ్తుంటే నా పాస్‌వర్డ్ పనిచెయ్యడం లేదు. కొత్తది పెట్టుకోవాలంటే మీ ఫోనుకి ఆరంకెల ఓటీపీ వస్తుంది. ఇంట్లో అందరి నెంబరూ మీదే కదా. నేను రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ప్రయత్నిస్తాను. ఆ అంకెలు అమ్మ చేత చెప్పించండి. లేదా పలక మీద రాసి వినోద్‌కి చూపించండి, వాడు ఫోను చేస్తాడు. మీ మౌనానికి ఏ భంగమూ రాదు.

ఫీజు గురించి బెంగ వద్దు. మార్కులు చూసి సగం తగ్గించారు. మిగిలింది బ్యాంకు ఇస్తుంది. అత్త హామీ సంతకం పెడతానంది. మీరు పైసా పెట్టక్కర్లేదు.

ఈ చదువు ఎందుకని మీరు అడగలేదు. అయినా చెప్తాను. నాలుగేళ్ళు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ మిషన్ దగ్గర కూర్చున్న అమ్మాయి, మీకు ఎడమ వైపు గోడ కనిపించడం లేదని మీకంటే ముందు కనిపెట్టింది. మీరు గుమ్మానికి గుద్దుకుంటే కోపిష్టి నడక అనుకున్నాం ఇంట్లో అందరం. ఆ అమ్మాయి రెండేళ్ళ ముందు దొరికి ఉంటే మీ ఎడమ కన్ను ఇంకా మీదే. నేను ఆ అమ్మాయిని కావాలి. అంతే.

మీరు రాజు కథ రాశారు. నాకు ఇంకో కథ గుర్తొచ్చింది. యాగం చేస్తున్న తండ్రిని కొడుకు అడుగుతాడు: "నాన్నా, నన్నెవరికి ఇస్తావు?" మూడోసారి అడిగేసరికి తండ్రి విసుక్కుని, "యముడికి" అంటాడు. ఆ రోజు మీరు వ్యాసపీఠం మీద గుద్ది చెప్పారు, "నోరు జారినా తండ్రిదే జవాబుదారీ!" అని. నేను తొమ్మిదేళ్ళప్పటి నుంచి మీ పక్కన కూర్చుని చదువుతున్నాను. మీరు చెప్పినవన్నీ నాకూ వచ్చు.

రేపు పన్నెండింటికి ఎదురుచూస్తాను.

మీ
హరిచందన


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జూలై 17

హరిచందనకి,

ఏ అంకెలూ రాలేదు. నా ఫోను బియ్యం డబ్బాలో ఉంది. మౌనంలో ఉన్నవాడికి ఫోనెందుకు? అది మోగితే బియ్యం వింటాయి.

నాకే పురాణం చెప్తున్నావు! పక్కన కూర్చుని పద్యం చదివినంత మాత్రాన అర్థం ఒంటబడుతుందా? వెల్డింగ్ మంట ఎదురుగా ముప్పై ఆరేళ్ళు కూర్చుని, ఏ బడీ లేకుండా, ఏ గురువూ లేకుండా, టిఫిను వేళల్లో ఒక్కొక్క పద్యం కొరుక్కుతిని నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ మంటే నా కళ్ళు తిన్నదని డాక్టర్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. నువ్వు నా నోటి ఎంగిలి తిని పెరిగినదానివి. ఆ ఎంగిలి నా మీదే ఊస్తున్నావు.

మీ అత్త సంతకం పెడుతుందా? కాపురానికి సంతకం పెట్టి నిలబెట్టుకోలేని మనిషి, నీ బ్యాంకుకి పెడుతుందా? ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించు. నా చెల్లెలే, పడుతుంది.

ఒక్కటి అడుగుతాను. ఉన్న ఒక్క కన్నుతో నీ తండ్రి పొగలో తడుముకుంటుంటే, నువ్వు వెళ్ళి హైదరాబాదులో ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తావా? ఊళ్ళోవాళ్ళు నీకు పాలు పట్టారా?

ఇది నా ఒక్కడి మాట అనుకోకు. ఇంట్లోవాళ్ళ మాటలు వాళ్ళు చెప్పినవి చెప్పినట్టు కింద రాస్తున్నాను.

మీ అమ్మ: "అమ్మా సందనా, ఏటి సేస్తావో నాకు తెల్దు. మీ నాన్న పలక మీద రాత్తే నాకు సదవడం రాదు, కోపమొచ్చి పలక ఇసిరేత్తన్నాడు. రెండు పలకలు పగిలిపోనాయి. నువ్వొచ్చీమ్మా. మిద్నాపూర్ అయితే నీకు రోజూ కేరేజీ కట్టిస్తాను."

వినోద్: "చెల్లీ, ఠీక్ హై, ఏం సదివినా సదువే. గొడవొద్దు. వచ్చేయ్."

చూశావా? ఇల్లంతా ఒక వైపు. నువ్వొక్కదానివీ ఒక వైపు.

గణపతిరావు


బొబ్బిలి
జూలై 28

నాన్నగారికి,

ఇరవై ఐదో తేదీ దాటిపోయింది. పదమూడు రోజులు పన్నెండింటికి కూర్చున్నాను. నాలుగో రోజు నుంచి అత్త నా పక్కన కూర్చోవడం మానేసింది. చూడలేనంది. మీరు చదివి వినిపించమన్న వాక్యం వినిపించాను. "రాసినాడా? సరే" అని లేచి వెళ్ళి పప్పు రుబ్బుకుంది. ఆ రోజు గారెల్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

మొన్న కాలేజీకి ఫోను చేశాను. సీటు ఇంకొకరికి ఇచ్చేశారట. ఇంకో మాట కూడా చెప్పారు. అది ఇక్కడ రాయను. మీ నోటి మీదుగా, మీ చేతి మీదుగా రావాలని ఉంది.

ఇక పోట్లాట లేదు. అయిపోయింది కదా. నాకు మిగిలింది ఒక్క కోరికే. జరిగింది జరిగినట్టు నాకు రాయండి. దేవుడి ఇష్టం అయితే అలాగే రాయండి, మీ ఇష్టం అయితే అలాగే రాయండి. నిజం తెలిస్తే దాని మీద తల వాల్చి పడుకోగలను. మీరే అంటారు, అబద్ధం మీద ఉన్న విధేయత ఇసుక మీది ముగ్గు అని.

శ్రావణం వచ్చింది. శనివారాలకి చదవాల్సినవి పెద్ద అక్షరాలతో నోటుబుక్కులో ఎత్తి రాయడం మొదలుపెట్టాను, ఎప్పటిలాగే. పూర్తవగానే పంపిస్తాను.

హరిచందన


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
ఆగస్టు 3

చి. హరిచందనకి నాన్న దీవెనలు.

ఇదీ నా కూతురి ఉత్తరం! వినోద్ చేత మలంచా బజారు నుంచి రసగుల్లాలు తెప్పించి మందిరంలో పంచాను. ఎందుకని అందరూ అడిగారు. మౌనం కదా, ఆకాశం చూపించాను.

నిజం అడిగావు. తండ్రి కూతురికి భయపడి దాచే రోజు రాలేదు. విను.

జూన్ ఇరవై ఎనిమిదిన రాజశేఖర్ మొదటిసారి చదివాడు. పుట సగంలో ఉండగానే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయారు. మగవాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. చివరికి చాప మీద పదకొండు మంది. పాతికేళ్ళుగా నేను కట్టిన శనివారం ఒక్క పూటలో కూలిపోవడం ఈ ఒంటికంటితో చూశాను. తర్వాతి శనివారం, జూలై ఐదు పొద్దున్న, వినోద్‌ని తీసుకుని మలంచాలో కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. నా ఫోనుకి అంకెలు వచ్చాయి. వాటితో నీ పాస్‌వర్డ్ మార్పించాను. సీటు వద్దు అన్నచోట నొక్కమన్నాను. వినోద్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాన్నా, ఓపాలి దాన్ని అడుగుదామా?" అన్నాడు. వాడి వేలు పట్టుకుని నేనే నొక్కించాను. ఆ సాయంత్రం మందిరంలో అర్థం చెప్పాను. మర్నాడు మౌనం పట్టాను.

నువ్వు పన్నెండింటికి అడిగిన అంకెలన్నీ వచ్చాయి. బియ్యం డబ్బాలో టింగుమనేది. మీ అమ్మ నా వైపు చూసేది. కంపెనీవాళ్ళ ప్రకటనలు అని పలక మీద బొమ్మ గీసి చూపించాను.

అలాంటప్పుడు నీ ఇష్టంతో రాయమని ఎందుకు అడిగారు అంటావేమో. సీటు తియ్యడం నా పని. వదులుకోవడం నీ పుణ్యం. నీకు ఆ పుణ్యం దక్కాలనే అడిగాను. ఒక శిష్యుడు గురువు అడిగితే బొటనవేలు కోసిచ్చాడు. గురువు కత్తి పట్టుకుని కోసుకుంటే అతని పేరు ఈనాడు ఎవరు తలుస్తారు? నేను నీకు పేరు మిగిల్చాను.

డబ్బు సంగతి కాదు. ఎప్పుడూ కాదు. మిద్నాపూర్ చవకని చెబితే లోకానికి అర్థమవుతుంది కాబట్టి చెప్పాను. నాకు కళ్ళు కావాలి. నువ్వు నా కళ్ళు. కన్ను లేచి నేను హైదరాబాదు పోతానంటే ఎవడూరుకుంటాడు?

నోటుబుక్కు త్వరగా పంపు. నువ్వు ఎప్పుడు వస్తున్నావో రాయి. మిద్నాపూర్ ఫారం వినోద్ తెస్తాడు.

ఇట్లు మీ నాన్న
గణపతిరావు


బొబ్బిలి
ఆగస్టు 12

నాన్నగారికి నమస్కారాలు.

నిజం రాసినందుకు సంతోషం. మూడుసార్లు చదువుకున్నాను.

నోటుబుక్కు ఈ పార్సిల్లో ఉంది. ఆగస్టు ఇరవై మూడు శనివారానికి చదవాల్సింది ఇందులో మొదటి నుంచి చివరి దాకా. ఇక్కడి లైబ్రరీలో ఒక పాత ప్రతిలో దొరికిన కథ, చూపు మందగించిన రాజుది. మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే రాయండి, వేరేది పంపుతాను.

రాజశేఖర్ బావ తడబడకుండా ఒక్కొక్క మాటా విడదీసి రాశాను. పుటల చివర "తిప్పు" అని కూడా రాశాను. మధ్యలో ఎవరూ ఆపకుండా మీరు చూసుకుంటారు కదా.

హరిచందన


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
సెప్టెంబరు 8

హరిచందనా,

గీతల మీద రాస్తున్నానో లేదో తెలియడం లేదు. లైను మీద లైను పడితే సర్దుకుని చదువుకో. నువ్వు చేసింది నీకు చెప్పాలి. చేసినదానికి తెలియకుండా పోకూడదు.

నీ రాజు కథ తెలియకపోతే రాయమన్నావు. నాకు తెలియని కథా? ఈ ఖరగ్‌పూర్‌లో గణపతిరావుకి తెలియని కథ ఉందని ఎవడైనా అనగా విన్నావా? రాయలేదు.

నోటుబుక్కు తెరిచి చూడకుండానే రాజశేఖర్ చేతికిచ్చాను. ఇరవై మూడున మందిరం నిండింది. నీ అక్షరాలు కాబట్టి రాజశేఖర్ బాగానే చదివాడు. రాజుకి చూపు మందగించింది. రాజపత్రాలన్నీ కూతురే చదివి వినిపిస్తుంది. దూరదేశం నుంచి ఆమెకి పిలుపు వచ్చింది, వచ్చి కళ్ళకి వైద్యం నేర్చుకోమని. వెళ్ళాలంటే తండ్రి ఉంగరపు ముద్ర కావాలి. రాజు ఆ ఉంగరంతోనే, కూతురికి తెలియకుండా, రానని ముద్ర వేసి పంపాడు. తర్వాత మౌనం పట్టి, నీ ఇష్టం వచ్చినట్టు నిర్ణయించుకో అమ్మా అని ఆమెకి సందేశం పంపాడు.

నాకు అనుమానం రాలేదు. రాలేదు! "ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే" అని మైకులో అన్నాను. ఆ రాజుకి వంశం చెప్పాను. ఏ యుగమో చెప్పాను. నిప్పులు కురిపించాను. "అమ్మలారా, కూతురి జవాబు దొంగిలించినవాడు రాజా? దొంగ! దొంగిలించి ఇష్టం అడిగినవాడు దొంగ కూడా కాదు, కసాయి! మేకని కోసి, నీకు సమ్మతమేనా అని అడిగే కసాయి!" అన్నాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

పుట ముగిసింది. ఈశ్వరప్రసాద్ గారు లేచి, "మరి ఆ రాజుకి శిక్ష ఏటి గణపతీ?" అని అడిగారు. నేను వ్యాసపీఠం మీద చెయ్యి పెట్టి చెప్పాను: "చచ్చేదాకా అతనికి ఎవరూ ఒక్క అక్షరం చదివి వినిపించకూడదు. వినిపించినవాడికి ఆ పాపంలో వాటా!" తథాస్తు అన్నారు అందరూ. నీ అమ్మ కూడా అంది.

రాజశేఖర్ పుట తిప్పాడు. "చి. హరిచందనకి నాన్న దీవెనలు" అని చదివాడు.

నా ఉత్తరం. అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశావు. వాడికి అర్థం కాదు కదా, బండి వస్తున్నట్టు చదువుకుంటూ పోయాడు. రసగుల్లాలు, మలంచా, అంకెలు, బియ్యం డబ్బా. నా చెయ్యి లేచింది ఆపడానికి. ఈశ్వరప్రసాద్ గారు కూర్చున్నచోటి నుంచే, "ఆపకూడదు గణపతీ. సదివీవోల్ని ఆపకూడదు" అన్నారు. నెలన్నర ముందు ఆయన్ని కూర్చోబెట్టిన మాట అది. చెయ్యి దించేశాను. "వాడి వేలు పట్టుకుని" దగ్గరికి వచ్చేసరికి వినోద్ లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. "ఇట్లు మీ నాన్న గణపతిరావు" అని చదివాక రాజశేఖర్ ఆగాడు. నా వైపు తిరిగి, మైకు ముందే, "మావా, ఇది నీ ఉత్తరమేనేటి?" అన్నాడు.

చదివింది అయ్యాక అర్థం చెప్పాలి. అందరూ నా నోరు చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. నువ్వు చదివిన రోజుల్లో కూడా అంత జనం అంతసేపు కూర్చోలేదు.

ఆ తర్వాత రెండు శనివారాలు పోయాయి. రాజశేఖర్ డ్యూటీ అన్నాడు. గుడి పక్క స్కూలు టీచరమ్మ, "పాపంలో వాటా అన్నారు కదండీ" అని తప్పుకుంది. వినోద్ వర్క్‌షాప్ నుంచి వస్తాడు, తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మీ అమ్మ కూడా మౌనం పట్టింది. ఆవిడ మౌనానికి ద్వాదశి లేదు. కంచం పెడుతుంది, కుడి చేతికి అందేటట్టు పెట్టదు.

ఇది తండ్రికి చేసే పనేనా? నీకు శాపం రాద్దామని కూర్చున్నాను. మాటలు దొరక్క కాదు, ఇవ్వడం లేదు. నా తీర్పు ఈ ఊరికే. ఈ ఊళ్ళోవాళ్ళు చదవకూడదు. నువ్వు ఈ ఊళ్ళో లేవు. నీకు అది వర్తించదు. శాస్త్రం చూసే అంటున్నాను. వచ్చి చదువు. మిద్నాపూర్ వద్దంటే వద్దు. శనివారాలు చాలు.

భూతద్దంలో ఇప్పుడు పొగ తప్ప ఏమీ లేదు. నీ వేలెడేసి అక్షరాలు మాత్రం ఇంకా అందుతున్నాయి. అలాగే రాయి. ఇంకొంచెం పెద్దగా రాయి.

నాన్న


విజయనగరం
సెప్టెంబరు 20

నాన్నగారికి,

ఈ ఉత్తరం మామూలు అక్షరాలతో రాస్తున్నాను, అందరూ రాసుకున్నట్టే. ఒకే కాయితంలో సరిపోతుంది.

జూలై ఇరవై ఆరున కాలేజీకి ఫోను చేసినప్పుడు ఒకాయన, "ఐదో తారీకునే మీరు వద్దన్నారు కదమ్మా" అన్నాడు. అప్పటికి మీ మొదటి ఉత్తరం నా సంచిలో ఉంది. దాని మీద తేదీ ఏడు. అది తీసి మళ్ళీ చదువుకున్నాను. నోటుబుక్కులో రాజు కథ మొదటి వాక్యం ఆ సాయంత్రమే రాశాను. చూపు మందగించిన రాజు పేరు కోసం మాత్రం చాలాసేపు వెతికి, చివరికి పేరు పెట్టలేదు.

ఇక్కడ ఒక కంటాసుపత్రిలో పనికి చేరాను. కొలతల మిషన్ ముందు గడ్డం ఎక్కడ ఆనించాలో ముసలివాళ్ళకి చూపిస్తాను. వచ్చే ఏడాది ఆ చదువుకి మళ్ళీ దరఖాస్తు రాస్తాను. ఈసారి ఫోను నెంబరు నాది.

మీ రిపోర్టులు నా దగ్గరే ఉండిపోయాయి కదా, డాక్టరు గారికి చూపించాను. కుడి కన్ను నిలబెట్టవచ్చన్నారు. ఖర్చు ఆసుపత్రిది. మీ పేరు రాయించాను: అక్టోబరు తొమ్మిది, ఉదయం తొమ్మిది గంటలు. ఆ రోజు దాటితే ఇక ఆ కన్ను సంగతి మాట్లాడక్కర్లేదని కూడా చెప్పారు.

అమ్మకి చెప్పలేదు. వినోద్‌కి చెప్పలేదు. అత్తకీ తెలియదు. ఫోను చెయ్యను, మీరు మౌనంలో ఉన్నారు. తేదీ ఈ కాయితంలో తప్ప ఎక్కడా లేదు.

నేను బలవంతం చెయ్యను. మీ ఇష్టంతో మీరే, మీ నోటితో మీరే, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల లైన్లలో ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఈ కాయితం పట్టుకుని అడగండి, ఎవరైనా పాపంలో వాటా తీసుకుంటారేమో. పదమూడు రోజులు నేను అడిగాను.

ఉత్తరం మీకు చేరడానికి ఐదు రోజులు. అప్పటికి మీకు పద్నాలుగు మిగులుతాయి. నాకంటే ఒక రోజు ఎక్కువే ఇచ్చాను.

హరిచందన